పసుపు మాత్ర, ఖాళీ కడుపు

ఇన్‌స్పెక్టర్ నువారా ఖెర్బాష్‌కి మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి మొదలైంది. రంజాన్ నెలలో ఈ వేళకి ఆమెకు తలనొప్పి రావడం మామూలే. పొద్దున్నే కాఫీ పడితే తప్ప కదలని బుర్ర అది. దానికి తోడు మూడు రోజులుగా స్టేషనంతా పులిసిన పాల కంపు. నకిలీ సరుకుల విభాగం నుంచి వచ్చిన లమీన్ జెర్రార్ ఒక మందుల షాపు మీద దాడి చేసి, చేతికందిన ప్రతిదానికీ సీలు వేసి పట్టుకొచ్చాడు. మందుల పెట్టెలు, చిన్న త్రాసు, రోలు, చివరికి కౌంటరు కింద ఉన్న అల్యూమినియం పాలక్యాను కూడా. సీలు విప్పాలంటే మెజిస్ట్రేటు అనుమతి కావాలి. మెజిస్ట్రేటుగారు పండగ సెలవులో ఉన్నట్టే ఉన్నారు. క్యాను మాత్రం సాక్ష్యాల అల్మారాలో కూర్చుని, మూత సందులోంచి తన వాంగ్మూలం తాను ఇస్తూనే ఉంది.

ఎదురు కుర్చీలో ఆ షాపు యజమాని, ఊరంతా మర్యాదగా 'సీ' చేర్చి పిలిచే మునీర్ లెఫ్‌గూన్ ఉన్నాడు. అరవై దాటిన బ్రహ్మచారి. మూడు రాత్రులు లాకప్‌లో పడుకున్నా కోటు గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాడు.

అతని మీద ఉన్న అభియోగం చిన్నదేమీ కాదు. ఊళ్ళో ఐదుగురు బ్లడ్ కాన్సర్ రోగులు పెద్ద కీమో గండం గట్టెక్కి ఇళ్ళకు చేరారు. జబ్బు తిరిగి రాకుండా రోజూ ఒక పసుపు మాత్ర వేసుకోవాలి, అదీ ఏళ్ళ తరబడి. ఐదుగురూ వేసుకుంటూనే ఉన్నారు. కానీ పోయిన వారం పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే మందు జాడ దాదాపు లేదు. అణిగి ఉండాల్సిన తెల్ల కణాలు మళ్ళీ తలెత్తుతున్నాయి. ఐదుగురూ మాత్రలు కొన్నది సీ మునీర్ దగ్గరే. మాత్రలు నకిలీవని లమీన్ తేల్చేశాడు. రాజధాని ల్యాబు నుంచి జవాబు పండగయ్యాక గానీ రాదు. అయినా ఈ సాయంత్రం ఉపవాసం విడిచాక ప్రాసిక్యూటర్ సంతకం పెడతాడు, రాత్రికి సీ మునీర్ జైలుకి వెళతాడు.

నువారా అడగాల్సినవన్నీ అడిగింది. సరుకు ప్రభుత్వ గిడ్డంగి నుంచే వచ్చిందని, పెట్టెలు తానే స్వయంగా తెరిచానని, అందరికీ ఒకే మాట చెప్పానని అతను ఓపిగ్గా జవాబిచ్చాడు. పడుకునే ముందు, ఖాళీ కడుపుతో, నీళ్ళతో వేసుకోవాలి. అంతే చెప్పాడు.

"మీ మాట నమ్మాననుకుందాం," అంది నువారా. "మాత్ర అసలుదే. మనిషి మింగుతున్నాడు. రక్తంలోకి మాత్రం రావడం లేదు. దారిలో ఎక్కడ మాయమవుతోంది, సీ మునీర్?"

అతను ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. "మీ కంటి రెప్పలు లోపల పాలిపోయి ఉన్నాయి. ఐరన్ మాత్రలు వాడుతున్నారా?"

"ఇక్కడ ప్రశ్నలు అడిగేది నేను."

"వాడుతున్నారు. తెల్లవారుజామున భోజనమయ్యాక, పాలకాఫీతో."

నువారా పెన్ను కింద పెట్టింది.

"దండగ," అన్నాడు సీ మునీర్ విచారంగా. "మాత్ర మింగుతున్నారు, మందు మాత్రం ఒంటికి పట్టదు. నిమ్మనీళ్ళతో వేసుకోండి. కాఫీ తర్వాత తాగండి."

తలుపు తోసుకుని లమీన్ వచ్చాడు. నువారా కంటే పదేళ్ళు చిన్న. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొడుకులా ఉంటాడు. ఈమధ్య మాత్రం కళ్ళ కింద నల్లని చారలు తేలాయి.

"మేడమ్ నువారా, నిందితుడు మీకు వైద్యం చేస్తున్నట్టున్నాడు."

"నీకూ చేయిస్తాను, కూర్చో నాయనా. ముందు ఆ పాలక్యాను బయట పారేయించు."

"అది సాక్ష్యం."

"దేనికి?"

"షాపులో దొరికింది కాబట్టి," అని, ఆ సంగతి అక్కడితో ముగించేశాడు లమీన్. ఐదుగురు రోగులు, ఒకటే షాపు, ఇంకా తవ్వడానికి ఏముందన్నాడు. ఆమె ఐదుగురి పేర్లూ చెప్పమంది. నలుగురివి గడగడా చెప్పాడు. ఐదో మనిషి ఓ చిన్నపిల్ల అని, పేరు బయటికి రావడం ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదని గోడకేసి చూస్తూ అన్నాడు.

తర్వాత జేబులోంచి ఒక పసుపు మాత్ర తీసి సీ మునీర్ ముందు పెట్టాడు. "దీనికి తయారీ కూడా చేతకాలేదు నీ వాళ్ళకి. సగానికి విరిస్తే ఒక్కనాడూ సమంగా విరగదు. ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది."

నిజం మాత్రలే అలా విరుగుతాయని సీ మునీర్ చెప్పబోయాడు కానీ లమీన్ వినలేదు. నువారా మాత్రం వింది. నకిలీ సరుకు పట్టుకునే మనిషి మాత్రల్ని సగాలు చేస్తూ ఎందుకు కూర్చుంటాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆ అనుమానాన్ని తలనొప్పి పక్కన పెట్టుకుని, హాండ్‌బ్యాగు తగిలించుకుని లేచింది.

"ఎక్కడికి?"

"రోగి ఇంటికి. నువ్వు షాపు చూశావు, నేను వంటిల్లు చూస్తాను."

"వంటింట్లో నేరాలు దొరకవు మేడమ్."

"పెళ్ళి కానివాళ్ళు అలాగే అనుకుంటారు."

"నాకు పెళ్ళయింది," అన్నాడు లమీన్.

"అయితే వంటింట్లోకి వెళ్ళడం లేదన్నమాట," అని నువారా మెట్లు దిగింది.

*

రోగి పేరు జుబీర్ బుసూఫ్. పెళ్ళిళ్ళలో ఊద్ వాయించే ఇరవయ్యారేళ్ళ కుర్రవాడు. గుండు మీద కొత్త జుట్టు కోడిపిల్ల నూగులా మొలుస్తోంది. ఒళ్ళో వాయిద్యం పెట్టుకుని తీగల్ని మీటుతున్నాడు కానీ, ఇంజెక్షన్ల వల్ల వేళ్ళ కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయట. స్వరం ఎక్కడ పడుతుందో తనకే తెలియడం లేదని, వినేవాళ్ళు మాత్రం కొత్త బాణీ అనుకుంటున్నారని చెప్పాడు.

"పిన్నీ, నన్ను కూడా అరెస్టు చేసి తీసుకుపోండి. స్టేషన్లో భోజనం తక్కువ పెడతారట కదా. ఇక్కడ మా అమ్మ నన్ను పండక్కి మేపే పొట్టేలులా మేపుతోంది."

హజ్ చేసొచ్చిందని అందరూ హాజ్జా అని పిలిచే వాళ్ళమ్మ ముబారకా వంటింట్లోంచే జవాబిచ్చింది. "మేపకపోతే ఏం మిగిలేవాడివిరా? బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడిచింది నేను కాదూ?"

నువారా వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుంది. షోర్బా సూపు ఉడుకుతున్న వాసనకి తలనొప్పి ఒకసారి పెరిగి, తర్వాత తనే సిగ్గుపడి తగ్గింది. హాజ్జా చేతులు ఆపకుండానే ఏడాది కథంతా చెప్పుకొచ్చింది. మొదటి నెలల్లో ఏవో మాత్రలకి పిల్లాడికి పిచ్చి ఆకలి వేసేదట. ఇంటిల్లిపాదికీ వండినది ఒక్కడే తినేసి మళ్ళీ గిన్నె చూపించేవాడు, షుగరు పెరిగిందని డాక్టరు కోప్పడేది. తర్వాత నోరు చచ్చిపోయింది. ఏం పెట్టినా ఇనుము నాకినట్టుందని తోసేసేవాడు. లోహపు చెంచా మాని చెక్క చెంచాతో పెట్టి చూసింది. మాంసం చల్లార్చి నిమ్మరసం పిండి పెట్టింది. ఒక గుడ్డు లోపలికి వెళ్ళిన రోజు ఆమెకు పండగ. పచ్చి కూర, కడగని పండు ఇంటి గడప దాటలేదు. చివరికి పుదీనా ఆకు కూడా మరిగే నీళ్ళలో ముంచితే గానీ వాడి దగ్గరికి రానివ్వలేదు.

"డాక్టరు వసీలా కూడా మెచ్చుకుంది. కావాలంటే అడుగు తల్లీ."

నువారా మెచ్చుకుంది. మాటల మధ్యలో ఆమె చూపు అప్పటికే సర్ది ఉన్న బల్ల మీద తిరుగుతోంది. జాలీ గుడ్డ కింద ఖర్జూరాలు, నలుగురికి నాలుగు గిన్నెల పాలు. ఒక గిన్నె మిగతావాటికంటే రెండింతలుంది. దాని పక్కనే చిన్న సాసరులో పసుపు మాత్ర.

"మాత్ర ఇప్పుడే తీసి పెట్టారేం హాజ్జా? పడుకునే ముందు కదా వేసుకోవాలి?"

హాజ్జా గరిటె పక్కన పెట్టి, ఈ సంగతి ఎవరైనా అడుగుతారని రోజూ ఎదురు చూస్తున్నట్టు ఆమెవైపు తిరిగింది. పిల్లాడికి ఉపవాసం వద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పింది. వాడు పొద్దున తెర చాటున దొంగలా తింటాడు. కానీ మధ్యాహ్నం దాటాక ఇంటిల్లిపాదీ పస్తుంటే వాడికి ముద్ద దిగదు, అందరితో పాటే తింటానని కూర్చుంటాడు. ఇక ఈ నెలలో రాత్రి పడుకునే వేళకి ఎవరి కడుపు ఖాళీగా ఉంటుంది? షోర్బా, నూనెలో వేయించిన బురేక్ చుట్టలు, మిఠాయిలు, మళ్ళీ తెల్లవారుజామున భోజనం. డాక్టరేమో ఖాళీ కడుపు అంది. సీ మునీర్ కూడా ఖాళీ కడుపే అన్నాడు.

"రోజంతటిలో కడుపు అన్నిటికంటే ఖాళీగా ఉండేది ఎప్పుడమ్మా? అజాన్ వినబడిన ఆ క్షణం. అందుకే మొదటి గుక్కతోనే వేసేస్తాను."

"మొదటి గుక్క అంటే?"

హాజ్జా ఆమెను జాలిగా చూసింది. "నువ్వు ఏ ఊరిదానివి తల్లీ? ఖర్జూరం, పాలు. నీళ్ళు తర్వాత."

నువారా తలనొప్పి ఉన్నట్టుండి మాయమైంది. సీ మునీర్ గొంతు చెవిలో వినబడింది. మాత్ర మింగుతున్నారు, మందు మాత్రం ఒంటికి పట్టదు.

జుబీర్‌ని పిలిచి అడిగింది. ఈ మాత్రల పెట్టె తెరిచింది ఎప్పుడు? రంజాన్‌కి చాలా ముందే. నెల మొదలయ్యే ముందు చేసిన రక్త పరీక్ష? ఆణిముత్యంలా ఉందని డాక్టరు అంది. పాడైంది ఎప్పుడు? నెల మొదలయ్యాక చేసిన మొదటి పరీక్షలో. అంటే పెట్టె మారలేదు, మాత్ర మారలేదు. మారింది వేసుకునే పద్ధతి.

ఆమె వెంటనే డాక్టరు వసీలాకి ఫోన్ చేసి, మాట అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. 

"ఏ పాలు?" అంది డాక్టరు సంగతంతా విని. "ప్యాకెట్ పాలా?"

"ప్యాకెట్ పాలా?" హాజ్జాకి కోపం వచ్చింది. "మా అక్క కొడుకు పొలంలో ఆవులున్నాయి. పొద్దున పితికినవి. గుడ్డలో వడకట్టి ఇస్తాను. కాస్తే సత్తువ పోతుందని పొయ్యి మీద కూడా పెట్టను."

"పుదీనా ఆకు ఉడకబెట్టే మనిషివి," అన్నాడు జుబీర్ మెల్లగా, "పాలు కాయలేదా అమ్మా?"

ఆవుపాలలో ఈ మందుని ప్రత్యేకంగా పట్టి కొరికేసే పదార్థం ఒకటుందని డాక్టరు చెప్పింది. కాచిన పాలలో అది చాలావరకు చచ్చిపోతుంది. పచ్చిపాలలో పుష్కలం. ఒక గిన్నెడు పచ్చిపాలతో మింగితే మాత్ర రక్తం దాకా చేరకుండానే పనికిరాకుండా పోయే అవకాశం చాలా ఉంది. అది ఒక నష్టం. ఒంట్లో శక్తి లేనివాళ్ళకి పచ్చిపాలలోని క్రిములు మరొక ప్రమాదం. జ్వరం ఉందా అని అడిగింది. లేదు. పాలతో మాత్ర వేసుకోవద్దని మొదటి నెలలోనే జుబీర్‌కి చెప్పానంది.

"చెప్పే ఉంటారు డాక్టర్," అన్నాడు జుబీర్. "ఆ నెలంతా నా తల బకెట్లోనే ఉంది."

హాజ్జా ముబారకా ముక్కాలిపీట మీద కూలబడింది. కొడుకు ఎముకల మీద కండ పట్టాలని ఏడాది పొడవునా పోరాడిన చేత్తోనే వాడి మందుకి గండి కొట్టింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చూస్తున్నట్టు చూసుకుంది. జుబీర్ వచ్చి ఆమె తల మీద ముద్దు పెట్టి, మొత్తం మీద తన లావుకి మాత్రం లోటు చేయలేదు కదా అన్నాడు. ఆమె వాడి వీపు మీద ఒకటి చరిచింది. దాంతో ఇద్దరూ తేలికపడ్డారు.

*

అప్పుడే తలుపు కొట్టి లమీన్ లోపలికి వచ్చాడు. జుబీర్ సంతకం కావాలి, మిగిలిన మాత్రలు కావాలి. ప్రాసిక్యూటర్ అజాన్ కోసమే ఆగి ఉన్నాడు. నువారా పాల సంగతి చెబుతుంటే నిలబడే విన్నాడు. వింటున్నకొద్దీ అతని పెదవి ఒక పక్కకి వంగింది.

"అంటే దొంగ ఒక ఆవు."

"దాదాపు."

"బాగుంది. పత్రికలవాళ్ళకి ఆవు ఫోటో ఇద్దాం." అతని గొంతులో నవ్వు లేదు. "మేడమ్, ఇది ఒక ఇల్లు. నా దగ్గర ఐదు ఇళ్ళున్నాయి. వాళ్ళంతా ఊరికి తలో మూలా ఉన్నారు. ఐదిళ్ళలోనూ హాజ్జాగారే వంట చేస్తున్నారా?"

తన వాదనలోని ఆ బెజ్జం నువారాకీ కనబడుతూనే ఉంది. ఒక కుటుంబం పొరపడటం వేరు, ఐదు కుటుంబాలు ఒకేసారి ఒకేలా పొరపడటం వేరు. లమీన్ కాగితం జుబీర్ ముందు పెట్టి పెన్ను చేతికిచ్చాడు. ఆ సంతకం పడితే సీ మునీర్‌కి ఈ రాత్రి జైలే. పైగా రేపు రోగులందరికీ కొత్త షాపు నుంచి కొత్త మాత్రలు వస్తాయి, అవీ ఇలాగే మాయమవుతాయి.

పొయ్యి దగ్గర నుంచి హాజ్జా గొంతు సవరించుకుంది.

"వంట చేయను బాబూ. పాలు మాత్రం పంపిస్తాను."

జుబీర్ పెన్ను గాలిలోనే ఆగిపోయింది.

ఆసుపత్రి బెంచీ మీద పరిచయాలు అలాంటివని హాజ్జా చెప్పింది. పరీక్షల రోజున పొద్దుటినుంచీ కూర్చోవాలి. పక్కన కూర్చున్న తల్లి ఏడిస్తే ఊరుకుంటామా? మీవాడు తింటున్నాడా, మీ అమ్మాయికి నోరు ఎలా ఉంది అని మాట కలుస్తుంది. తన కొడుక్కి బుగ్గలు రావడం చూసి వాళ్ళంతా ఏం పెడుతున్నావని అడిగారు. చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. అక్క కొడుకు వ్యానులో రోజూ తలా ఒక క్యాను పంపించింది. ఖాళీ కడుపు సూక్ష్మం కూడా అందరికీ నేర్పింది.

"ఎవరెవరికి హాజ్జా?" నువారా నెమ్మదిగా అడిగింది.

హాజ్జా ఇళ్ళు చెప్పుకుంటూ పోయింది. బడిపంతులు. కుట్టుపని చేసే సమీహా. వంతెన అవతల టాక్సీ డ్రైవరు. లమీన్ స్టేషన్లో గడగడా చెప్పిన నలుగురిలో జుబీర్ కాక మిగిలిన ముగ్గురూ వాళ్ళే.

"ఇంకా నర్జిస్ అని ఒక బుల్లి పిల్ల. నాయనమ్మ తీసుకొస్తుంది, బెంచీ మీదికి దిండు కూడా తెచ్చుకుంటుంది. కొడుకు ఏం చేస్తాడంటే గవర్నమెంటులో అంటుంది, అంతకుమించి చెప్పదు. ఆ పిల్లకి సగం మాత్రే. ఎంత జాగ్రత్తగా విరిచినా ఒక ముక్క పెద్దదవుతుందని పాపం ఆవిడ ఒకటే గొడవ."

లమీన్ చేతిలోని తాళంచెవులు నేల మీద పడ్డాయి.

నువారా వంగి వాటిని తీసింది. అతని ముఖంలోకి చూడలేదు. కన్నకూతురి కేసని తెలిస్తే పై అధికారులు అతన్ని పక్కన పెట్టేవారు. అందుకే ఐదో పేరు దాచాడు. కళ్ళ కింద నల్లని చారలు, ఎవరినో ఒకరిని ఈ రాత్రికే జైల్లో వేయాలన్న తొందర, అన్నిటికీ ఆమెకు జవాబు దొరికింది.

"ఫోన్ చెయ్యి లమీన్," అంది. "అజాన్ వేళ కావస్తోంది."

అతను చేశాడు. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. ఈ వేళకి ఏ ఇంట్లో ఎవరు ఫోన్ ఎత్తుతారు? అందరూ బల్ల చుట్టూ చేరి, చేతిలో ఖర్జూరం పట్టుకుని చెవులు రిక్కించి ఉంటారు. భార్య ఫోన్ మోగింది, ఎత్తలేదు. తల్లి ఫోన్ మోగింది, అదెప్పుడూ పడకగదిలో చార్జింగులోనే ఉంటుంది. ఇంకోవైపు హాజ్జా తన ఫోన్లో టాక్సీ డ్రైవరు ఇంటిని, జుబీర్ సమీహాని, నువారా బడిపంతులుని పట్టుకున్నారు. వంటిల్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలా తయారైంది. పాలు ముట్టుకోవద్దు, మాత్ర ఇప్పుడొద్దు, పడుకునే ముందు నీళ్ళతో, లేదు, సీ మునీర్ మంచివాడే, జ్వరమేమైనా ఉందా, లేదా, రేపు పొద్దున్నే ఆసుపత్రికి రండి.

లమీన్ మళ్ళీ తల్లికి చేశాడు. మోగి మోగి ఆగే సమయానికి ఎవరో ఎత్తారు.

"అమ్మా, నర్జిస్ పాలు తాగిందా?"

"గిన్నె చేతిలో పెట్టానురా. అజాన్ కోసం చూస్తోంది. ఏమైంది, గొంతు అలా ఉందేం?"

"తీసెయ్. గిన్నె తీసెయ్, మాత్ర కూడా. తర్వాత చెబుతాను. జ్వరం ఉందా?"

"జ్వరమా? తన పళ్ళెంలో మూడో బురేక్ కూడా పెట్టమని వాళ్ళమ్మతో దెబ్బలాడుతోంది. జ్వరం వచ్చిన పిల్ల అలా దెబ్బలాడుతుందా?"

కాసేపు గొడవ వినబడింది. తర్వాత సన్నని గొంతు.

"నాన్నా, నిజంగా పాలు వద్దా? రేపు కూడానా? ఒట్టు?"

"ఒట్టు," అన్నాడు లమీన్.

మసీదు నుంచి అజాన్ మొదలైంది. హాజ్జా అందరి చేతుల్లోనూ ఖర్జూరాలు పెట్టింది. పాల గిన్నెలు నాలుగూ తీసి పక్కకి నెట్టి, కూజాలోంచి నీళ్ళు పోసింది. లమీన్ నిలబడే తాగాడు. తర్వాత జుబీర్ ముందున్న కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆయన ఇంకా లాకప్‌లోనే ఉన్నాడు," అన్నాడు. "ఉపవాసంతో."

"అయితే తీసుకెళ్ళు." హాజ్జా అప్పటికే మూడంతస్తుల డబ్బా దించింది. షోర్బా, బురేక్, గుడ్డు కూర సర్ది, రొట్టె గుడ్డలో చుట్టి లమీన్ చేతికిచ్చింది. ఇస్త్రీ చొక్కా మీద షోర్బా మరక పడినా అతను చూసుకోలేదు.

గుమ్మం దగ్గర హాజ్జాకి ఏదో గుర్తొచ్చింది.

"బాబూ, నా క్యాను కూడా అడిగి పట్టుకురా. పాపం ఒంటరివాడు, వండిపెట్టే దిక్కులేదని సీ మునీర్‌కి కూడా రోజూ ఒకటి పంపేదాన్ని. మూడు రోజులైంది, తిరిగి రాలేదు. అల్యూమినియం క్యాను. మూతకి సొట్ట ఉంటుంది."

నువారా బురేక్ కొరకబోతూ ఆగిపోయింది. లమీన్ మెల్లగా ఆమెవైపు తిరిగాడు.

"నకిలీ విభాగమంటే మాటలా మరి," అంది నువారా. "దొంగని మొదటి రోజే పట్టుకున్నావు. సీలు వేసి అల్మారాలో పెట్టావు. స్టేషనంతా వాసన పట్టింది, మనిద్దరికే తెలియలేదు."